కెర్నల్‌కి డ్రైవర్ పంపేటప్పుడు కమిట్ హిస్టరీ: అపోహలు - వాస్తవాలు

బెంగళూరు అవుటర్ రింగ్ రోడ్డు మీది ఆఫీసుల్లో డ్రైవర్లు రాసే మన తెలుగువాళ్ళు చాలామందే ఉన్నారు. ల్యాబ్‌లో బోర్డు బూట్ అవుతుంది, సెన్సర్ రీడింగ్ వస్తుంది, కస్టమర్‌కి డెలివరీ కూడా అయిపోతుంది. అదే డ్రైవర్‌ని లినక్స్ కెర్నల్ మెయిన్‌లైన్‌కి (అసలు అధికారిక సోర్స్‌కి) పంపుదామనేసరికి టెన్షన్ మొదలవుతుంది. కోడ్ సంగతి ఎలాగోలా తేలుతుంది, దాని వెనకున్న కమిట్లను (గిట్‌లో సేవ్ చేసుకుంటూ వచ్చిన ఒక్కో మార్పును) ఏం చేయాలో తెలియదు. జూనియర్లు తరచూ అడిగేవాటికి నాకు తెలిసిన జవాబులివి.

అపోహ: ఇన్నాళ్ళూ చేసిన కమిట్లన్నీ ఉన్నవున్నట్టు పంపాలి. కలిపేస్తే చరిత్రను తారుమారు చేసినట్టే.

వాస్తవం: "ఫిక్స్", "మళ్ళీ ఫిక్స్", "రివ్యూ కామెంట్స్" లాంటి కమిట్లు మీ డైరీ. మెయింటైనర్ (కెర్నల్‌లో ఆ భాగాన్ని చూసుకునేవారు) చూసేది ఒక్కో మార్పు ఎందుకు అవసరమో. చిన్న సెన్సర్ డ్రైవర్‌కి సాధారణంగా రెండు ప్యాచ్‌లు (రివ్యూకి పంపే మార్పులు) చాలు: ముందు డివైస్ ట్రీ బైండింగ్ (ఆ హార్డ్‌వేర్‌ని కెర్నల్‌కి ఎలా వర్ణించాలో చెప్పే ఫైల్), తర్వాత డ్రైవర్. కేకాన్ఫిగ్, మేక్‌ఫైల్ అనే బిల్డ్ ఫైళ్ళలో మార్పులు డ్రైవర్‌తోనే వెళ్ళాలి. వేల లైన్ల డ్రైవరైతే ముందు కనీసం పనిచేసే ముక్క, దానిమీద ఇంటరప్ట్ సపోర్ట్, ఆపైన పవర్ మేనేజ్‌మెంట్, ఇలా విడగొట్టండి. కమిట్లను కలపడానికి, విడగొట్టడానికి, వరస మార్చడానికి గిట్‌లో ఇంటరాక్టివ్ రీబేస్ ఉన్నదే ఇందుకు. పాత బ్రాంచ్‌ని మాత్రం చెరపకండి. ట్యాగ్ వేసి ఆఫీసు సర్వర్‌లో ఉంచండి, రివ్యూలో ఎవరైనా గట్టిగా అడిగితే అదే దిక్కు.

అపోహ: ప్యాచ్‌ల సిరీస్ చివర్న బిల్డ్ అయితే చాలు, మధ్యలో బ్రేక్ అయినా ఫరవాలేదు.

అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసే అపోహ ఇదే. ఒక్కో కెర్నల్ రిలీజ్‌లో పదివేలకు పైగా కమిట్లు ఉంటాయి. గిట్ బైసెక్ట్ వాటిని సగానికి సగం తగ్గించుకుంటూ పోతుంది కాబట్టి సుమారు 14 సార్లు బిల్డ్ చేసి చూస్తే బగ్ ఏ కమిట్‌తో వచ్చిందో దొరుకుతుంది. మీ మూడో ప్యాచ్ పిలిచే ఫంక్షన్ ఐదో ప్యాచ్‌లో వస్తుందనుకోండి. బైసెక్ట్ సరిగ్గా ఆ రెండిటి మధ్య ఆగిందా, అక్కడ బిల్డే కాదు. ఆగిన మనిషికి మీ చిప్‌తో సంబంధమే ఉండకపోవచ్చు. తన ల్యాప్‌టాప్‌లో వైఫై ఎందుకు పోయిందో వెతుక్కుంటూ, డిస్ట్రో కాన్ఫిగ్‌తో మీ డ్రైవర్‌ని కూడా కలిపి బిల్డ్ చేస్తున్నారంతే. రీబేస్‌కి ఎగ్జెక్ ఆప్షన్‌లో మేక్ కమాండ్ ఇస్తే ప్రతి కమిట్‌నీ బిల్డ్ చేసుకుంటూ పోయి, ఫెయిలైన చోట ఆగుతుంది. పంపే ముందు రోజు రాత్రి అది పెట్టి ఇంటికి వెళ్ళండి.

అపోహ: కోడ్ చూస్తే అర్థమైపోతుంది, కమిట్ మెసేజ్ ఒక్క లైన్ చాలు.

వాస్తవం: ఉదాహరణకి, రీసెట్ తర్వాత 20 మిల్లీసెకన్ల డిలే పెట్టారు. "డిలే చేర్చాం" అని రాస్తే, రేపు బూట్ టైమ్ తగ్గించాలని చూసేవారు దాన్ని నిశ్చింతగా తీసేస్తారు. "రీసెట్ వదిలాక చిప్ సిద్ధం కావడానికి డేటాషీట్ 15 మిల్లీసెకన్లు చెబుతోంది. అంతకంటే తక్కువ ఆగితే ఐడీ రిజిస్టర్ సున్నా ఇస్తోంది, ప్రోబ్ ఫెయిల్ అవుతోంది" అని రాస్తే దాని జోలికి వెళ్ళే ముందు ఆలోచిస్తారు.

అపోహ: కమిట్లన్నీ కలిపేశాక పేరు పంపినవాళ్ళదే.

ఈ విషయంలో నేను అస్సలు రాజీపడను. కమిట్లు చెరిగినా మనుషులు చెరిగిపోకూడదు. మొదటి వెర్షన్ రాసినావిడ ఉద్యోగం మారిపోయి ఉండొచ్చు. కోడ్‌లో ఎక్కువ భాగం ఆవిడదే అయితే ఫ్రమ్ లైన్‌లో ఆవిడ పేరే ఉండాలి, కింద ఆవిడ సైన్డ్-ఆఫ్-బై, దాని తర్వాత మీది. ఇద్దరూ కలిసి రాస్తే కో-డెవలప్డ్-బై, దాని కిందే ఆ మనిషి సైన్డ్-ఆఫ్-బై. సైన్డ్-ఆఫ్-బై లైన్ ఊరికే పేరు కోసం పెట్టింది కాదు. లినక్స్‌లో తమ యూనిక్స్ కోడ్ ఉందంటూ ఎస్‌సీఓ కంపెనీ వేసిన దావాల నేపథ్యంలో 2004లో డెవలపర్ సర్టిఫికేట్ ఆఫ్ ఆరిజిన్‌తో పాటు వచ్చింది. ఈ కోడ్ పంపే హక్కు నాకుంది అని ఎవరికి వారు చెప్పే మాట అది. కాబట్టి ఆవిడకి ఫోన్ చేసి అడక్కుండా ఆవిడ తరఫున మీరు పెట్టకూడదు.

అపోహ: వీ2లో (ప్యాచ్ రెండో వెర్షన్‌లో) ఏం మార్చామో కమిట్ మెసేజ్‌లో చెప్పాలి.

చాలా సబ్‌సిస్టమ్‌లలో (కెర్నల్ విభాగాల్లో) అది ప్యాచ్‌లో కమిట్ మెసేజ్ తర్వాత వచ్చే మూడు డాష్‌ల గీత కింద రాయాలి. అక్కడ రాసింది రివ్యూ చేసేవారికి కనిపిస్తుంది, గిట్‌లోకి వెళ్ళదు. ప్యాచ్‌లను ఆటోమేటిక్‌గా బిల్డ్ చేసి చూసే కెర్నల్ టెస్ట్ రోబో పట్టిన తప్పుని అదే ప్యాచ్ కొత్త వెర్షన్‌లో సరిచేస్తే, తప్పు ఎవరు చెప్పారో తెలిపే రిపోర్టెడ్-బై లైన్ కూడా అక్కర్లేదు.

అపోహ: మర్జ్ అయ్యాక తప్పు బయటపడితే మెయింటైనర్ పాత కమిట్‌నే దిద్దుతారు.

వాస్తవం: పదిమంది వాడుతున్న ట్రీని (గిట్ రిపాజిటరీని) మామూలుగా రీబేస్ చేయరు. కొత్త ప్యాచ్ పంపి, ఫిక్సెస్ ట్యాగ్‌లో పాత కమిట్ ఐడీలోని మొదటి 12 అక్షరాలూ, దాని టైటిలూ ఇవ్వాలి. ఆ తప్పు ఏ పాత కెర్నళ్ళలో ఉందో విడుదలైన కెర్నళ్ళకి ఫిక్స్‌లు చేర్చే స్టేబుల్ ట్రీ చూసేవారికి తెలిసేది దానివల్లే. గిట్ కాన్ఫిగ్‌లో కోర్ అబ్రెవ్ (core.abbrev) విలువని 12 చేసుకుంటే అక్షరాలు లెక్కపెట్టే పని ఉండదు.