మెడికేర్‌లో ఆ 20 శాతం ఎక్కడి నుంచి వచ్చింది?

అమెరికాలో 65వ పుట్టినరోజు దగ్గరపడే కొద్దీ పోస్టుడబ్బా బీమా కంపెనీల ఉత్తరాలతో నిండిపోతుంది. వృద్ధుల ప్రభుత్వ ఆరోగ్య బీమా అయిన మెడికేర్‌లోనే ఉండి, డాక్టరు బిల్లులో అది కట్టకుండా వదిలే 20 శాతం కోసం పక్కన ప్రైవేటు మెడిగ్యాప్ పాలసీ కొనుక్కోవాలా, లేక మెడికేర్‌కు బదులు ప్రైవేటు కంపెనీ నడిపే అడ్వాంటేజ్ ప్లాన్‌లో చేరాలా? ఈ తికమకకు మూలం 1965 చట్టంలోనే ఉంది.

అందరికీ ఆరోగ్య బీమా కావాలని అధ్యక్షుడు హ్యారీ ట్రూమన్ 1945లోనే కాంగ్రెస్‌ను అడిగారు. డాక్టర్ల సంఘమైన అమెరికన్ మెడికల్ అసోసియేషన్ గట్టిగా అడ్డుపడింది, ఆ ప్రయత్నం ముందుకు సాగలేదు. ఇరవై ఏళ్ల తర్వాత 1965 జూలై 30న అప్పటి అధ్యక్షుడు లిండన్ జాన్సన్ మిస్సోరీలో ట్రూమన్ ఉండే ఇండిపెండెన్స్ ఊరికి వెళ్లి మరీ మెడికేర్ చట్టంపై సంతకం పెట్టారు. మొదటి కార్డు 81 ఏళ్ల ట్రూమన్ చేతికే అందింది.

ఆయన అందరి కోసం అడిగితే దక్కింది వృద్ధులకు. అదీ ఆనాటి ప్రైవేటు పాలసీల అచ్చులోనే: ఆస్పత్రికి పార్ట్ ఎ, డాక్టర్లకు పార్ట్ బి. 1966లో పార్ట్ బి ప్రీమియం నెలకు 3 డాలర్లు. డిడక్టిబుల్, అంటే ఏటా మొదట పేషెంటే కట్టుకోవాల్సిన మొత్తం, పోను బిల్లులో 80 శాతం మెడికేర్ కడితే, మిగతా 20 శాతం పేషెంటుది. ఆ 20 శాతానికి పైహద్దు పెట్టలేదు, నేటికీ లేదు. మెడికేర్ లెక్కలో కీమో ఖర్చు 50,000 డాలర్లు అయితే 10,000 సొంత జేబులోంచి పోతుంది.

ఆ కంత పూడ్చడానికి పుట్టినవే ప్రైవేటు మెడిగ్యాప్ పాలసీలు. ఒకే అవసరానికి రెండు మూడు పాలసీలు అంటగట్టే ఏజెంట్లు ముసలివాళ్లను పీడించారు. చివరికి 1990 చట్టంతో అవి పది నమూనాలకు కుదిరాయి.

రెండో దారి 1982 చట్టంతో తెరుచుకుంది: మనిషికి ఇంత అని ప్రభుత్వం ప్రైవేటు ప్లాన్‌కు కట్టేస్తే, వైద్యం సంగతి ఆ ప్లాన్ చూసుకుంటుంది. 1997లో అది పార్ట్ సి అయింది, 2003 చట్టంతో అడ్వాంటేజ్ పేరు వచ్చింది. మందులకు పార్ట్ డి తెచ్చిందీ ఆ చట్టమే, 2006 నుంచి. అడ్వాంటేజ్ ప్లాన్లలో సొంత ఖర్చుకు ఏటా ఒక హద్దు ఉంటుంది, పళ్లకూ కళ్లద్దాలకూ ఎంతోకొంత ఇస్తారు. బదులుగా నెట్‌వర్క్‌లో, అంటే ఆ ప్లాన్ జాబితాలో, ఉన్న డాక్టర్లతో సరిపెట్టుకోవాలి, చాలా చికిత్సలకు ప్లాన్ నుంచి ముందస్తు అనుమతి తీసుకోవాలి. 2023 నాటికి మెడికేర్ ఉన్నవాళ్లలో సగానికి పైగా అటే వెళ్లారు.

నన్ను ఎక్కువ కలవరపెట్టేది మాత్రం అడ్వాంటేజ్ నుంచి వెనక్కి వచ్చే దారి. 65 దాటి పార్ట్ బి మొదలైన ఆరు నెలల్లో జబ్బు సాకుతో మెడిగ్యాప్ నిరాకరించకూడదు. 65లో నేరుగా అడ్వాంటేజ్‌లో చేరినవాళ్లు ఏడాదిలోపు మనసు మార్చుకోవచ్చు. ఆ తర్వాత న్యూయార్క్, కనెక్టికట్, మసాచుసెట్స్, మెయిన్ తప్ప దాదాపు అన్ని రాష్ట్రాల్లో కంపెనీలు ఆరోగ్య చరిత్ర అడిగి కాదనవచ్చు. ఏళ్ల తరబడి అడ్వాంటేజ్‌లో ఉండి, 72 ఏళ్లకు క్యాన్సర్ బయటపడి, నెట్‌వర్క్‌లో లేని డాక్టరు కావాలనుకునే మనిషిని మెడికేర్ వెనక్కి చేర్చుకుంటుంది. మెడిగ్యాప్ దొరక్కపోతే, 1965 నాటి ఆ 20 శాతం మళ్లీ నెత్తిన పడుతుంది.