బ్యాటరీ తగువు మిట్టమధ్యాహ్నం మొదలైంది

తమిళనాడులో బ్యాటరీల టెండరు మాట వచ్చినప్పుడల్లా ఒక పాత తగువు లేచి కూర్చుంటుంది. పగటి ఎండను దాచి రాత్రికి వాడుకోవాలనడంలో ఎవరికీ పేచీ లేదు. దాచినందుకు అద్దె ఎవరు కట్టాలన్నదే పేచీ. ఇది అర్థం కావడానికి 2012 నాటి సౌర విధానం, దాని 3,000 మెగావాట్ల లక్ష్యం, ప్రారంభోత్సవాల ఫొటోలు అక్కర్లేదు. ఏ ప్లాంటు ఎంత కరెంటు ఇవ్వాలో చెప్పే చెన్నైలోని లోడ్ డిస్పాచ్ సెంటర్ నుంచి సోలార్ ప్లాంట్లకు వెళ్లిన ‘బ్యాక్‌డౌన్’ ఆదేశాలు చూస్తే చాలు.

బ్యాక్‌డౌన్ అంటే ఉత్పత్తి తగ్గించమనడం. చెన్నై ఈక్కాట్టుతాంగల్‌లో ఒక సోలార్ కంపెనీ ఆఫీసులో మా ఒంగోలు కుర్రాడొకడు అప్పట్లో మానిటరింగ్ చూసేవాడు. ఓ రోజు వాడి పక్కన కూర్చున్నాను. తెర మీద ప్లాంటు గీత పొద్దున్నే లేచి, పదకొండు దాటేసరికి గుమ్మటంలా పైకెక్కింది. పన్నెండు దాటాక ఫోను మోగింది. కాసేపటికే గుమ్మటం నెత్తి కోసేసినట్టు గీత చదునైపోయింది. అక్కడి కెమెరాలో చూస్తే ఆకాశంలో మబ్బు తునక లేదు. ఎందుకట్రా అంటే, “కారణం చెప్పరన్నా, ఎన్ని మెగావాట్లు దించాలో చెప్తారంతే” అన్నాడు, గోడ గడియారం చూసి నోట్‌బుక్‌లో టైము రాసుకుంటూ.

కరెంటు సరఫరా వ్యవస్థ నడవాల్సిన నియమావళి, గ్రిడ్ కోడ్, సౌర, పవన విద్యుత్తుకు ‘మస్ట్ రన్’ హోదా ఇచ్చింది. గ్రిడ్ భద్రతకు ముప్పుంటే తప్ప వాటిని ఆపకూడదు. భద్రత పేరు చెప్పి ఖరీదైన కరెంటును వదిలించుకుంటున్నారన్నది ఉత్పత్తిదారుల ఆరోపణ. అందుకు వాళ్లు చూపించే లెక్క కూడా కొట్టొచ్చినట్టు ఉంటుంది. 2016లో మొదలైన కముతి 648 మెగావాట్ల ప్లాంటు ఒప్పంద ధర యూనిట్‌కు 7.01 రూపాయలు. మరుసటి ఏడాదే రాష్ట్రంలో జరిగిన సౌర వేలంలో ధర 3.47కి దిగింది. కొత్త ధర సగానికి పడ్డాక పాత ఒప్పందం కంట్లో నలుసే.

ఆ కరెంటు కొనే రాష్ట్ర విద్యుత్ బోర్డు మాట వేరు. గాలి సీజన్‌లో గాలీ ఎండా ఒక్కసారే విరుచుకుపడతాయి, బొగ్గు యూనిట్లను కొంత స్థాయి కిందికి దించలేం, ఆర్పేస్తే సాయంత్రానికి అందిరావు. ఇదీ తీసిపారేసే మాట కాదు.

2016లో సౌర సంస్థల సమాఖ్య రాష్ట్ర విద్యుత్ నియంత్రణ కమిషన్‌కు వెళ్లింది. 2019 మార్చిలో వచ్చిన ఉత్తర్వు, డబ్బు లెక్కల కోసం బ్యాక్‌డౌన్ చేయకూడదంది గానీ పరిహారం ఇప్పించలేదు. కేసు విద్యుత్ తగువులు వినే అప్పిలేట్ ట్రిబ్యునల్ చేరింది. నా లెక్కలో మలుపు అక్కడే ఉంది. ఆదేశాల వెనక కారణాలు చూసి చెప్పమని ట్రిబ్యునల్ జాతీయ గ్రిడ్ నిర్వాహక సంస్థ పోసోకోను అడిగింది. గ్రిడ్‌లో రోజు అంటే పావుగంట చొప్పున 96 ముక్కలు, ప్రతి ముక్కకూ రికార్డుంటుంది. ఆ పావుగంటలో ఫ్రీక్వెన్సీ 49.90, 50.05 హెర్ట్జ్ మధ్యే ఉందా, లైన్ల మీద అధిక భారం పడిందా, బొగ్గును దించే వీలుందా, రాష్ట్రం అప్పుడే బయటి నుంచి కరెంటు తెచ్చుకుంటోందా? ఆ కొలతల ముందు భద్రత సాకు నిలబడలేదు. 2021 ఆగస్టు 2న తీర్పు వచ్చింది: భద్రత కారణం కాని పాత బ్యాక్‌డౌన్‌కు ఒప్పంద ధరలో 75 శాతం చెల్లించాలి, ఇకమీదట చేస్తే ఒప్పంద ధర మొత్తం కట్టాలి, కారణాలతో నెలనెలా కమిషన్‌కు నివేదిక ఇవ్వాలి.

అప్పటిదాకా పారబోసిన యూనిట్‌కు ఖరీదు లేదు. ఆ రోజు నుంచి ఉంది. పారబోసినా ఒప్పంద ధర కట్టాల్సి వచ్చినప్పుడు దాచుకోవడం దండగలా కనిపించదు.

బ్యాటరీల ధర కూడా కలిసొచ్చింది. 2022లో కేంద్ర ప్రభుత్వ సౌర సంస్థ సెకీ వేలంలో బ్యాటరీ యజమానికి మెగావాట్‌కు కట్టే నెల అద్దె సుమారు 10.84 లక్షల రూపాయలు. 2024 చివరికి రాజస్థాన్‌లో అది 2.2 లక్షల దరిదాపులకు పడిపోయింది. కొత్త సౌర టెండర్లలో కనీసం 10 శాతం సామర్థ్యానికి రెండు గంటల నిల్వ పెట్టమని 2025 ఫిబ్రవరిలో కేంద్రం సూచించింది. అదే ఏడాది తమిళనాడు గ్రీన్ ఎనర్జీ కార్పొరేషన్ 500 మెగావాట్లు రెండు గంటలపాటు, అంటే 1,000 మెగావాట్-అవర్ల నిల్వకు టెండరు పిలిచింది.

బ్యాటరీ అద్దె కల్యాణమండపం లెక్కే. పెళ్లి జరిగినా జరగకున్నా కట్టాలి. అది చివరికి బిల్లుల్లోకే వస్తుందని అంబత్తూరులో లేత్ షాపు నడిపే నెల్లూరాయన గట్టి నమ్మకం. ఆయన భయం ఊరికే పుట్టలేదు. తీర్పు వచ్చిన ఏడాదే, అక్టోబరులో, రూఫ్‌టాప్ సోలార్ వాళ్ల మీద కమిషన్, లైన్లు వాడుకున్నందుకని, నెట్‌వర్క్ ఛార్జీలు వేసింది. “నా డాబా, నా ప్యానెళ్లు, బాడుగ మాత్రం వాళ్లకి” అంటాడాయన.

ఇలాంటి టెండర్లలో బ్యాటరీ యజమాని పూచీ పడేది రెంటికి: నెలలో 95 శాతం సమయం అందుబాటులో ఉంచాలి, నూరు యూనిట్లు నింపితే 85 తిరిగి ఇవ్వాలి. ఏ మధ్యాహ్నం నింపాలి, నింపకుండా ప్లాంటునే దించమనాలా అన్నది యజమాని చేతిలో ఉండదు. ఆ షెడ్యూలు ఇచ్చేది లోడ్ డిస్పాచ్ సెంటర్. ఒంగోలు కుర్రాడికి ఫోను వచ్చిందీ అక్కడి నుంచే.