పాత కేసు కన్నా దాచడమే పెద్ద తప్పా? ఐడల్ వేదిక మీద ఇరవై ఏళ్ల తగువు

2012 మార్చిలో ఒక రాత్రి అమెరికా టీవీ పాటల పోటీ అమెరికన్ ఐడల్ చూస్తున్నవాళ్లకి పాటల మధ్యలో పోలీస్ స్టేషన్ విచారణలాంటి సీను కనబడింది. ఒకవైపు నిర్మాతలు నైజెల్ లిత్‌గో, కెన్ వార్విక్. ఎదురుగా పోటీదారు జెర్మైన్ జోన్స్. ఆరడుగుల ఎనిమిదంగుళాల మనిషి, బాగా లోతైన గొంతు, షోలో ముద్దుపేరు జెంటిల్ జయింట్. నీ మీద నాలుగు వారెంట్లు ఉన్నాయి, పోలీసులకు నీ అసలు పేరు చెప్పలేదు, మాకైతే ఏ సంగతీ చెప్పలేదు అని వాళ్లు ఒక్కొక్కటే బయటపెట్టారు. అతన్ని ఇంటికి పంపేశారు. అదంతా కెమెరా ముందే జరిగింది. పోటీలోంచి తీసేయడం కూడా ప్రోగ్రాంలో ఒక ఐటమే అయిపోయింది.

ఈ పంచాయితీ 2003లో, రెండో సీజన్‌లో మొదలైంది. ఫైనలిస్టుల్లో ఒకడైన కోరీ క్లార్క్‌ను అంతకుముందు ఏడాదే కాన్సాస్ రాష్ట్రం టొపీకాలో పోలీసులు అరెస్టు చేశారు. కేసు చివరికి చిన్న నేరంగా తేలింది. ఆ సంగతి బయటపెట్టింది షో వాళ్లు కాదు, ది స్మోకింగ్ గన్ అనే వెబ్‌సైట్. అమెరికాలో అరెస్టు రికార్డులు చాలావరకు ఎవరడిగినా దొరుకుతాయి. ముందే మాకు చెప్పలేదు కాబట్టి అనర్హుడు అన్నారు నిర్మాతలు. ఆ వారం ప్రేక్షకుల ఓట్లతో ఇంకెవరినీ ఇంటికి పంపలేదు.

అప్పటి నుంచి వాడుకలో ఉన్న సూత్రం ఇదే: ఏం చేశావన్నది తరవాత, ముందు మాకు చెప్పావా లేదా? వినడానికి న్యాయంగానే ఉంది. 2005లో స్కాట్ సావోల్ అనే పోటీదారు మీద గృహహింసకు సంబంధించిన పాత కేసు బయటపడింది. అతను ముందే చెప్పాడన్నారు, ఉంచారు. ఐదో స్థానం దాకా వెళ్లాడు. కానీ 2003లోనే పోటీకి వచ్చిన ఫ్రెంచీ డేవిస్ సంగతేమిటి? ఆమెది నేరమే కాదు, కుర్రతనంలో దిగిన అర్ధనగ్న ఫొటోలు. వాటి గురించి మొదట్లోనే చెప్పానంది. అయినా తీసేశారు. అంటే చెప్పినవాళ్లంతా గట్టెక్కలేదు. ఎవరి గతం ఛానెల్‌కి తలనొప్పి తెస్తుందో చూసి నిర్ణయించారేమో అని నా అనుమానం.

ఇంకో సంగతి మర్చిపోకూడదు. తొలి సీజన్లలో పోటీకి వయసు 16 నుంచి 24. ఆ వయసులో గొడవపడి స్టేషన్ మెట్లెక్కినవాళ్లు ఏ ఊళ్లో లేరు?

బ్రిటన్ కథ వేరు. అక్కడ 1974లోనే ఒక చట్టం తెచ్చారు. కొంతకాలం తిన్నగా ఉంటే పాత శిక్షను చాలా సందర్భాల్లో లెక్కలోకి తీసుకోరు. టాలెంట్ షో గెలిచి గర్ల్స్ అలౌడ్ అనే అమ్మాయిల బృందంలో గాయని అయిన షెరిల్‌కు, నైట్‌క్లబ్ బాత్‌రూమ్ అటెండెంట్‌ను కొట్టినందుకు 2003లో కోర్టు 120 గంటల సమాజసేవ విధించింది. ఐదేళ్లు తిరిగేసరికి 2008లో ఆమే అక్కడి టీవీ పాటల పోటీ ఎక్స్ ఫ్యాక్టర్ జడ్జి కుర్చీలో కూర్చుంది. అదే కేసు అమెరికాలో ఒక పోటీదారు మీద ఉంటే?

పాత అరెస్టు చూపించి పోటీదారును తీసేయడం న్యాయమేనా అన్న ప్రశ్న అమెరికా కోర్టు దాకా వెళ్లింది కూడా. 2013లో క్లార్క్, అతనిలాగే తొలగింపునకు గురైన నల్లజాతి మాజీ పోటీదారులు కొందరు న్యూయార్క్ ఫెడరల్ కోర్టులో దావా వేశారు. అరెస్టయినంత మాత్రాన దోషులం కాదు, అరెస్టు పేరుతో అందరి ముందూ గెంటేసింది మమ్మల్నే, తెల్లవాళ్లను కాదు అన్నది వాళ్ల ఆరోపణ. అరెస్టు అయి శిక్ష పడని కేసుల గురించి ఉద్యోగార్థులను అడగకూడదని కాలిఫోర్నియా చట్టం చెబుతుంది. మరి పాటల పోటీకి వచ్చినవాడు ఉద్యోగార్థేనా? షో వాళ్లు వివక్ష లేదన్నారు. 2014లో కోర్టు దావా కొట్టేసింది. చాలా ఆలస్యంగా వచ్చారన్నది చెప్పిన కారణాల్లో ఒకటి.