నలుగురి టేబుల్ మీద కంట్రోల్ డెక్: కొన్ని అపోహలు, వాస్తవాలు

ఈ మధ్యే మ్యాజిక్ కార్డుల ఆటలో కమాండర్ మొదలుపెట్టిన ఇద్దరు తమ్ముళ్లు వారం తేడాలో ఒకటే అడిగారు. "అన్నా, నీ తాల్రాండ్ లిస్ట్ పంపవా, అందరి స్పెల్సూ ఆపేసే డెక్ కావాలి" అని. లిస్ట్ పంపాను. కానీ ఆ "అందరి స్పెల్సూ ఆపేసే" దగ్గరే తిరకాసంతా ఉంది, నేను కూడా రెండేళ్లు అదే భ్రమలో ఆడి వరసగా ఓడిపోయాను కాబట్టి ఇది రాస్తున్నా.

తెలియనివాళ్లకి రెండు ముక్కల్లో: మ్యాజిక్ ద గ్యాదరింగ్ 1993లో వచ్చిన ఆట, కమాండర్ అందులో ఒక ఫార్మాట్. సాధారణంగా నలుగురు కూర్చుంటారు, ఒక్కొక్కరికీ 100 కార్డుల డెక్, బేసిక్ ల్యాండ్లు (మానా ఇచ్చే మామూలు కార్డులు; మానా అంటే స్పెల్స్‌కి, అంటే ల్యాండ్లు కాని కార్డులు వేయడానికి, కట్టే ఖర్చు) తప్ప ఏ కార్డూ రెండోది ఉండకూడదు, తలా 40 లైఫ్. నా కమాండర్, అంటే మిగతా 99కీ నాయకుడిగా విడిగా పెట్టుకునే కార్డు, తాల్రాండ్, స్కై సమనర్. 2012లో వచ్చిన నాలుగు మానా కార్డు. నేను ఇన్‌స్టంట్ (ఎవరి టర్నులోనైనా వేసే స్పెల్) గానీ సోర్సరీ (నా టర్నులోనే వేసే స్పెల్) గానీ వేసిన ప్రతిసారీ ఎగిరే 2/2 (కొట్టే బలం రెండు, తట్టుకునే బలం రెండు) డ్రేక్ టోకెన్ (డెక్‌లో లేకుండా ఆటలోనే పుట్టే క్రీచర్, అంటే పోరాడే ప్రాణి) ఒకటి పుడుతుంది. అంటే ఎదుటివాడి స్పెల్ ఆపినందుకు నాకు ఒక సైనికుడు బోనస్. వినడానికి ఎంత బాగుందో చూడండి.

అపోహ: కౌంటర్లు ఎన్ని ఎక్కువుంటే కంట్రోల్ అంత గట్టిది

నా మొదటి లిస్టులో 22 కౌంటర్లు (ఎదుటివాడి స్పెల్ దిగకముందే ఆపే కార్డులు) ఉండేవి. లెక్క వేసి చూద్దాం. నలుగురి ఆటలో మొదట ఆడేవాడు కూడా కార్డు తీసుకుంటాడు కాబట్టి ఆరో టర్నుకి నేను చూసినవి 13 కార్డులు. 99లో 22 అంటే ఆ 13లో వచ్చేవి సగటున మూడు కౌంటర్లు. అదే సమయానికి ఎదురుగా ఉన్న ముగ్గురూ కలిసి చూసినవి 39 కార్డులు. 39 ముక్కలకి నా దగ్గర మూడు జవాబులు! డెక్ మొత్తం కౌంటర్లతో నింపినా ఈ లెక్క మారదు, ఎందుకంటే ఒక రౌండ్ తిరిగేసరికి వాళ్లు మూడు తీస్తారు, నేను ఒకటి తీస్తాను.

ఇద్దరి ఆటలో నా కార్డు ఒకటి పోయి నీ కార్డు ఒకటి పోతే సరికి సరి. నలుగురిలో అలా కాదు. నేనూ నువ్వూ చెరొకటి పోగొట్టుకున్నాం, మిగతా ఇద్దరూ చేతిలో ముక్కలు చేతిలోనే ఉంచుకుని చిప్స్ తింటున్నారు. పిట్టపోరు పిట్టపోరు పిల్లి తీర్చిందన్నట్టు, ఆ ఇద్దరిలో ఒకడు గెలుస్తాడు.

ఇప్పుడు నా లిస్టులో కౌంటర్లు 14. తీసేసిన ఎనిమిది చోట్లా ఎక్కువగా కార్డులు తీసుకునేవే పెట్టాను. వచ్చే మూడో నాలుగో కౌంటర్లు సరైన టైంకి చేతిలో ఉండాలంటే వాటి దాకా డెక్‌ని తవ్వాలి కదా, కౌంటర్లు పెంచడం కంటే ఆ తవ్వకం పెంచడమే మేలని నా అనుభవం. మొదటి ఏడు కార్డుల్లో రెండు కౌంటర్లు, ఐదు ల్యాండ్లు వస్తే ఒకప్పుడు మురిసిపోయేవాణ్ణి. ఇప్పుడైతే కార్డు తీసుకునే స్పెల్ ఒక్కటీ లేకపోతే చెయ్యి మార్చేస్తా, నలుగురి ఆటలో మొదటి మార్పిడి ఉచితమే.

అపోహ: ఆపగలిగినది కనిపిస్తే ఆపేయాలి

ఇక్కడ కాసేపు ఆగాలి, నేను పోగొట్టుకున్న ఆటల్లో సగం ఈ ఒక్క తప్పు వల్లే.

మియాపూర్‌లో ఫ్రెండ్ ఇంట్లో ఒక ఆదివారం. అంతకు రెండు రౌండ్ల ముందు ఒకడు బోర్డంతా (టేబుల్ మీద దిగిన క్రీచర్లన్నిటినీ) ఊడ్చేశాడు, నా డ్రేకులూ అందులోనే పోయాయి. తెల్ల డెక్ వాడు స్మదరింగ్ టైద్ వేశాడు. మనం కార్డు తీసిన ప్రతిసారీ రెండు మానా కట్టకపోతే వాడికో ట్రెజర్ (ఒక్కసారి మానా ఇచ్చే టోకెన్) వచ్చే, బోర్డు మీదే ఉండిపోయే ఎన్‌చాంట్‌మెంట్ అది. నా చేతిలో రెండు జవాబులున్నాయి. ఒకటి కౌంటర్‌స్పెల్, రెండు నీలం మానా, ఏ స్పెల్‌నైనా ఆపుతుంది. రెండోది స్వాన్ సాంగ్, ఒక్క మానా, కానీ ఎన్‌చాంట్‌మెంట్, ఇన్‌స్టంట్, సోర్సరీలనే ఆపుతుంది, పైగా ఆపించుకున్నవాడికి 2/2 పక్షి ఒకటి ఇస్తుంది. "వాడికి పక్షి ఎందుకివ్వాలి" అనుకుని కౌంటర్‌స్పెల్ వేశాను.

తర్వాతి టర్ను ఎల్ఫుల వాడిది. ఊడ్పు తర్వాత కోలుకున్నది వాడొక్కడే, తొమ్మిది ఎల్ఫులు పెట్టుకుని కూర్చున్నాడు. ఎనిమిది మానా కట్టి క్రేటర్‌హూఫ్ బెహీమత్ వేశాడు. ముగ్గురూ నా ఐలాండ్ల (నీలం మానా ఇచ్చే ల్యాండ్లు) వైపు చూశారు. నా చేతిలో మిగిలింది స్వాన్ సాంగ్, అది క్రీచర్‌ని ముట్టుకోదు. హూఫ్ దిగింది, పది క్రీచర్లు కాబట్టి ఒక్కొక్కటీ పది పది పెరిగింది. 11 బలం ఉన్న ఎల్ఫులు తొమ్మిది, 15 బలంతో హూఫ్, మొత్తం 114. మా ముగ్గురి లైఫ్ 38, 34, 29. అడ్డం పెట్టడానికి ఒక్క క్రీచర్ లేదు. నాలుగు ఎల్ఫులు ఒకడి మీదకి, మూడు ఇంకొకడి మీదకి, రెండూ హూఫూ నా మీదకి. ముగ్గురం ఒకేసారి అవుట్.

40 లైఫ్ ఉన్న ఆటలో 2/2 పక్షికి భయపడి టేబుల్ మొత్తాన్ని పోగొట్టాను. ఏది దేనికి పనికొస్తుందో చూసి, అందులో ఇరుకైనదాన్ని ముందు ఖర్చుపెట్టాలి, దేన్నైనా ఆపే కార్డు చివరిదాకా చేతిలోనే ఉండాలి. ఇంకో సంగతి, టైద్ అసలు నేనే ఆపాల్సిన కార్డా? అది ముగ్గురికీ తగిలే నొప్పి. మిగతా ఇద్దరి దగ్గరా ఎన్‌చాంట్‌మెంట్ తీసేసే కార్డులు ఉండవా? నొప్పి అందరిదైనప్పుడు మందు మనమే కొనక్కర్లేదు. ఇప్పుడు నేను రెండే చూసుకుంటాను: ఇది దిగితే ఈ టర్నులోనో వచ్చే రౌండులోనో ఎవడైనా గెలుస్తాడా, లేదా నా ఆట పూర్తిగా మూసుకుపోతుందా. రెండూ కాకపోతే తల ఊపి వదిలేస్తా.

పైగా హూఫ్‌ని స్టాక్ మీదే (అంటే దిగకముందే) ఆపాలని కూడా లేదు. దాడికి దిగాక ఏథరైజ్ వేస్తే దాడి చేస్తున్న క్రీచర్లన్నీ చేతికి తిరిగి వెళ్లిపోతాయి, నాలుగు మానా. ఆ ఆదివారం తర్వాత అది నా డెక్‌లోంచి కదల్లేదు.

అపోహ: ఎక్కడ కూర్చున్నా ఒకటే

చాలామంది పట్టించుకోని విషయం ఇది. ఎవరైనా స్పెల్ వేస్తే, దాన్ని ఆపుతావా అని అడిగే వరస వాడి ఎడమ పక్క నుంచి మొదలవుతుంది. వాడికి ఎడమ పక్కన నేనుంటే ముందు నోరు తెరవాల్సింది నేనే, మిగతా ఇద్దరి దగ్గర ఏముందో తెలియదు. కుడి పక్కన ఉంటే ఆఖరి మాట నాది. ఇద్దరూ వదిలేశాక, ఇక నేను తప్ప దిక్కు లేదని తెలిశాకే ఖర్చుపెడతా. అందుకే వేగంగా ఆడే డెక్ ఏదో ముందే తెలిస్తే వాడి కుడి పక్క కుర్చీ కోసం కొంచెం తొందరగా వెళ్తా (ఇది చదివాక మావాళ్లు నన్ను కూర్చోనివ్వరేమో).

అయితే దానికీ ఓ ఖర్చుంది. నా టర్ను అవ్వగానే వాడి టర్నే. నా టర్నులో మానా అంతా వాడేస్తే సరిగ్గా వాడి ముందు ఖాళీ చేతులతో నిలబడ్డట్టు. తాల్రాండ్‌ని నాలుగో టర్నులో వేసేయకపోవడానికి కారణం అదే. ఆరు మానా వచ్చేదాకా ఆగుతా, నాలుగు ఆయనకి, రెండు కౌంటర్‌స్పెల్‌కి. ఆయన చచ్చిపోతే మళ్లీ పిలవడానికి ఆరు, ఆ తర్వాత ఎనిమిది అవుతుంది మరి. 36 ల్యాండ్లున్న డెక్‌లో ఆరో టర్నుకి సగటున వచ్చేవి 4.7 మాత్రమే, కాబట్టి సోల్ రింగ్ లాంటి మానా రాళ్లు (ల్యాండ్ కాకపోయినా మానా ఇచ్చే కార్డులు) ఎనిమిదైనా ఉండాల్సిందే. కంట్రోల్ డెక్‌కి మానా ఎందుకని వీటిని కోసేసినవాళ్లు ఆరు మానా కోసం తొమ్మిదో పదో టర్ను దాకా ఎదురుచూస్తారు.

అపోహ: బోర్డు ఊడ్చేస్తే మనం గెలుస్తున్నట్టే

మోనో బ్లూలో (నీలం కార్డులే ఉండే నాలాంటి డెక్‌లో) ఊడ్పు అంటే చంపడం కాదు, చేతికి తిప్పి పంపడం. ఎవాక్యుయేషన్ క్రీచర్లన్నిటినీ పంపేస్తుంది, నావి కూడా. డ్రేకులు టోకెన్లు కాబట్టి చేతికి వెళ్తే మాయమే. సైక్లోనిక్ రిఫ్ట్‌ని ఏడు మానాతో ఓవర్‌లోడ్ చేస్తే (ఎక్కువ మానా కట్టి అన్నిటికీ తగిలేలా వేస్తే) నావి తప్ప ల్యాండ్లు కానివన్నీ వెళ్లిపోతాయి. కొత్తలో ఒత్తిడి తట్టుకోలేక రిఫ్ట్ మధ్యలోనే వేసేసేవాణ్ణి. ఏమయ్యేది? అందరూ అవే కార్డులు మళ్లీ పరిచేవాళ్లు, ఆట గంట పొడుగయ్యేది, తిట్లు నాకు.

రిఫ్ట్‌కి ఒకటే మంచి టైం, నా కుడి పక్కవాడి టర్ను చివర్లో, ఎండ్ స్టెప్‌లో. వాడి బోర్డంతా చేతిలోకి వస్తుంది, వెంటనే క్లీనప్‌లో (టర్ను ఆఖరి దశలో) ఏడు మించినవి పారేసుకోవాలి. పన్నెండు కార్డులు పట్టుకుని ఏ ఐదు పారేయాలో తెలియక వాడి మొహం చూడాలి. వాడు పారేయడం అవ్వగానే నా టర్ను వచ్చేస్తుంది, ల్యాండ్లన్నీ లేస్తాయి (మళ్లీ వాడుకోవచ్చు), ఎదురుగా ఖాళీ బోర్డులు. కానీ అప్పుడు కొట్టడానికి నా దగ్గర ఏదో ఒకటి ఉండాలి. లేకపోతే రిఫ్ట్ వెయ్యను, ఎంత టెన్షన్ ఉన్నా సరే.

అపోహ: ముందు అన్నీ ఆపేద్దాం, గెలుపు సంగతి తర్వాత

ఎదురుగా 120 లైఫ్ ఉంది. ఎనిమిది డ్రేకులు రౌండుకి 16 కొడితే ఎనిమిది రౌండ్లు పడుతుంది, ఆ ఎనిమిది రౌండ్లలో ముగ్గురూ కలిసి 24 కార్డులు తీస్తారు. ఫేవరబుల్ విండ్స్ అని రెండు మానా ఎన్‌చాంట్‌మెంట్ ఉంది, ఎగిరేవాటికి తలా ఒకటి పెంచుతుంది. అదే ఎనిమిది డ్రేకులు 24 కొడతాయి, ఐదు రౌండ్లు. ఒక్క చిన్న కార్డుకి మూడు రౌండ్లు తగ్గాయి, మూడు రౌండ్లంటే ఎదుటివాళ్లకి తొమ్మిది కార్డులు తక్కువ. ఏ కౌంటరూ తొమ్మిది కార్డులని ఆపలేదు.

"అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినానివ్వదు" అని కంట్రోల్ ఆడేవాళ్లని ఊరికే అనలేదు. తను గెలవడు, ఎవర్నీ గెలవనివ్వడు. అలాంటి ఆట మూడు గంటలు సాగితే వచ్చే వారం పిలవరు. నా డెక్‌లో ఆట ముగించే కార్డులు ఆరున్నాయి, వాటి మీద ఇప్పటిదాకా కత్తెర వెయ్యలేదు.

అపోహ: ఖరీదైన కార్డులు లేకపోతే దండగ

దీనికి ఎక్కువ రాయక్కర్లేదు. ఫోర్స్ ఆఫ్ విల్ ఉచితంగా వేస్తే ఒక లైఫూ, చేతిలో ఇంకో నీలం కార్డూ పోతాయి. నావి రెండు, నీది ఒకటి, పక్కవాళ్లవి సున్నా. గెలుపు ఆపడానికైతే సరే, రోజువారీ వాడకానికి కాదు. మామూలు కౌంటర్‌స్పెల్ కామన్‌గా ఎన్నోసార్లు ముద్రించారు, పని దాదాపు అంతా అదే చేస్తుంది. రిస్టిక్ స్టడీ (ఎదుటివాడు స్పెల్ వేసినప్పుడు ఒక మానా కట్టకపోతే నాకో కార్డు) గొప్ప కార్డే, కాదనను, కానీ "ఒకటి కడతావా, ఒకటి కడతావా" అని ఆటకి నలభైసార్లు అడగడం నాకే విసుగొచ్చి తీసేశాను. ఇంకో కారణం కూడా ఉంది. 2025 ఫిబ్రవరిలో విజార్డ్స్ ఆఫ్ ద కోస్ట్ ప్రకటించిన బ్రాకెట్ల (డెక్‌లని బలాన్ని బట్టి విడదీసే) పద్ధతిలో రిఫ్ట్, రిస్టిక్ స్టడీ, టైద్, ఫోర్స్ ఆఫ్ విల్ అన్నీ మొదటి గేమ్ ఛేంజర్స్ (ఆటని తిప్పేసే బలమైన కార్డులు) జాబితాలోనే ఉన్నాయి. మేం ఆడే మూడో బ్రాకెట్‌లో అలాంటివి మూడు దాకానే పెట్టుకోవచ్చు. నేను రిఫ్ట్ ఒక్కటే ఉంచుకున్నా.

అపోహ: రెండు ఐలాండ్లు తిప్పకుండా (మానాకి వాడకుండా) ఉంచితే చాలు, భయపడి ఆగిపోతారు

కొత్తవాళ్ల ముందు పనిచేస్తుంది. వారం వారం కలిసి ఆడేవాళ్ల ముందు రెండుసార్లకి మించి పనిచేయదు. రమ్మీలో ప్రతి ఆటకీ జోకర్లున్నట్టు నవ్వుతూ కూర్చునేవాణ్ణి ఎవరైనా ఎన్నాళ్లు నమ్ముతారు? దీనికి ఉల్టాగా ఇంకో ప్రమాదం కూడా ఉంది, దాని గురించి ఎవరూ చెప్పరు. నేను ఐలాండ్లు తెరిచి కూర్చున్నానని పక్క నీలం డెక్ వాడు తన కౌంటర్ దాచుకుంటాడు, నేనేమో వాడు ఆపుతాడని వదిలేస్తాను, స్పెల్ హాయిగా దిగిపోతుంది. "నువ్వు ఆపుతావనుకున్నా." "నేనూ అదే అనుకున్నా." ఇలా ఒకే నెలలో రెండు ఆటలు పోయాయి మాకు. ఇప్పుడు నా దగ్గర లేకపోతే లేదని నోటితోనే చెప్పేస్తున్నా, కనీసం మిగతావాళ్లయినా ఖర్చుపెడతారు. అబద్ధం చెప్పే హక్కు నాకుంది, కానీ దాన్ని ఏడాదికి ఒక్కసారి వాడుకుందామని దాచుకున్నా.

ఇక నేను తేల్చుకోలేనిది ఆర్కేన్ డినయల్ ఒక్కటే. రెండు మానా, ఒక్కటే నీలం, ఏదైనా ఆపుతుంది, తర్వాత నాకో కార్డు వస్తుంది. ఆపించుకున్నవాడికి మాత్రం రెండు. వాడు కోపం తెచ్చుకోడు, అదొక లాభం. కానీ అప్పటికే ముందున్నవాడికి రెండు కార్డులు పొయ్యడం ఏంటని ప్రతిసారీ చెయ్యి ఆగిపోతుంది. నాలుగుసార్లు తీశాను, నాలుగుసార్లు పెట్టాను. ప్రస్తుతానికి డెక్‌లోనే ఉంది, ఎవరైనా దాన్ని తీసేసి ఆ చోట ఇంకేదైనా పెట్టి నెల రోజులు ఆడి ఉంటే చెప్పండి.