మొదటి గిటార్ కొనేముందు తీగ మందం చూడండి

గిటార్ నేర్చుకుంటానంటే చాలు, ముందు అకూస్టిక్ (కరెంటు లేకుండా పలికేది) కొను, వేళ్లు కాయలు కాశాక ఎలక్ట్రిక్‌కి వెళ్దువు గానీ అంటారు అందరూ. నేనైతే ఈ మాట ఒప్పుకోను, ఎందుకంటే రెండో నెలకే గిటార్‌ని బీరువా మీదకి ఎక్కించేసిన పిల్లల్ని చూశాను, వాళ్లకి పాట మీద ఇష్టం లేక కాదు, వేళ్ల నొప్పి తట్టుకోలేక.

ఎలక్ట్రిక్‌కి మామూలుగా వేసే సెట్లో అన్నిటికన్నా సన్న తీగ 0.009 అంగుళాలు, అకూస్టిక్‌లో అదే తీగ 0.012. తేడా ఒక వెంట్రుక మందం అంతే. కానీ తీగ బరువు మందం వర్గాన్ని బట్టి పెరుగుతుంది కదా, అందుకని అదే పొడవులో అదే స్వరం, అంటే సెకనుకి 330 కంపనాలు, పలకాలంటే లావు తీగని దాదాపు 1.8 రెట్లు గట్టిగా లాగి బిగించాలి. ఎలక్ట్రిక్ తీగకి 6 కిలోల లాగుడు సరిపోతే అకూస్టిక్ తీగకి పదిన్నర. ఆ బిగువంతా కొత్తవాళ్ల మెత్తటి వేళ్ల మీదే పడుతుంది.

మరి అకూస్టిక్‌కి లావు తీగలెందుకంటే దానికి కరెంటు సాయం లేదు. తీగ ఒక్కటే గాలిని పెద్దగా కదపలేదు, తీగలు ఆనే బ్రిడ్జి మీదుగా పైచెక్కని ఊపితేనే గదంతా వినబడుతుంది, చెక్కని ఊపాలంటే బలం కావాలి. ఎలక్ట్రిక్‌లో ఆ పని పికప్‌ది. అయస్కాంతం చుట్టూ సన్నటి రాగి తీగ వేల చుట్లు ఉంటుంది, స్టీలు తీగ పైన ఊగితే అయస్కాంత క్షేత్రం మారి ఆ చుట్టలో కరెంటు పుడుతుంది, 1831లో ఫారడే కనిపెట్టిన సూత్రమే ఇది. నైలాన్ తీగ వేస్తే అసలు పలకదు.

ఇంకో లాభం కూడా ఉంది. ఎలక్ట్రిక్ గిటార్ ఒళ్లు లోపల డొల్ల లేని గట్టి చెక్క, అది తీగ శక్తిని అంతగా లాక్కోదు కాబట్టి నాదం ఎక్కువసేపు నిలుస్తుంది. మన పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ గారు జంట తీగలు తీసేసి 5 విడి తీగల ఎలక్ట్రిక్ మాండలిన్ మీద కర్ణాటక సంగీతం వాయించారు, మామూలు మాండలిన్‌లో అయితే మీటిన నాదం త్వరగా ఆరిపోతుంది, స్వరాన్ని ఊపుతూ పలికించే గమకానికి అది చాలదు.

అలాగని అందరూ ఎలక్ట్రిక్కే కొనాలనను. శబ్దం పెంచే పెట్టె, అంటే ఆంప్ ఖర్చు ఉంది. పాడుతూ వాయించుకోవాలని ఉంటే అకూస్టిక్కే తీసుకోండి, కాకపోతే 0.010 సెట్ వేయించండి, శబ్దం కాస్త తగ్గినా పర్లేదు. షాపులో మొదటి ఫ్రెట్ (మెడ మీద అడ్డంగా ఉండే లోహపు పట్టీ) దగ్గర తీగ నొక్కి చూడండి, అక్కడే బాగా గట్టిగా అనిపిస్తే మెడ చివరి చిన్న పట్టీ, అంటే నట్‌లో తీగలు కూర్చునే గాడులు ఎత్తుగా ఉన్నట్టు, వాటిని కాస్త లోతు చేయించాకే ఇంటికి తెచ్చుకోండి.