ఖాళీ డివ్ గొడవ ఇప్పటిది కాదు

పేజీని సర్వర్లోనే వండి పంపాలా, సరుకులిచ్చి బ్రౌజర్నే వండుకోమనాలా అని ఫ్రంటెండ్ వాళ్లు (వెబ్‌సైట్లో మనకి కనపడే భాగం రాసేవాళ్లు) మళ్లీ కొట్టుకుంటున్నారు. 2025 ఫిబ్రవరిలో రియాక్ట్ (వెబ్ పేజీలు కట్టే జావాస్క్రిప్ట్ లైబ్రరీ) టీమ్ కొత్త యాప్‌లకి క్రియేట్ రియాక్ట్ యాప్ అనే రెడీమేడ్ టూల్ వాడొద్దని చెప్పినప్పటి నుంచి ఇది ఇంకా ముదిరింది.

నన్నడిగితే అసలు మలుపు ట్విట్టర్‌ది. 2010 సెప్టెంబర్లో సైట్ మొత్తం మార్చారు. సర్వర్ నుంచి దాదాపు ఖాళీ పేజీ వస్తుంది, తర్వాత జావాస్క్రిప్ట్ దిగాలి, పార్స్ అవ్వాలి, రన్ అవ్వాలి, అప్పుడది ఏపీఐని (సర్వర్లో డేటా ఇచ్చే కిటికీని) అడగాలి, డేటా రావాలి, ఇంతా అయితే గానీ ఒక్క ట్వీట్ కనపడదు. పైగా అడ్రస్ మధ్యలో హ్యాష్ గుర్తు. హ్యాష్ తర్వాతున్న ముక్కని బ్రౌజర్ అసలు సర్వర్‌కి పంపనే పంపదు, అంటే మనం ఎవరి పేజీ అడుగుతున్నామో పాపం సర్వర్‌కే తెలీదు! 2011 ఫిబ్రవరిలో గాకర్ అనే అమెరికా బ్లాగుల కంపెనీ సైట్లు కూడా ఇదే పద్ధతికి మారాయి, జావాస్క్రిప్ట్ లోడ్ కాకపోయేసరికి అన్నీ కలిసి తెల్లమొహం వేశాయి.

బ్రౌజర్లోనే వండాలనే అవతలి వాళ్ల మాట కూడా ఉంది, ఒకసారి లోడ్ అయితే రిఫ్రెష్ గోల ఉండదు, మొబైల్ యాప్‌కీ సైట్‌కీ ఒకే ఏపీఐ సరిపోతుంది అని. జీమెయిల్ లాంటివాటికి ఓకే.

2012 మేలో ట్విట్టర్ వెనక్కొచ్చేసింది. మొదటి ట్వీట్ కనపడ్డానికి ఎంత టైం పడుతుందో కొలుచుకుని రెండరింగ్‌ని, అంటే పేజీ వండే పనిని, మళ్లీ సర్వర్‌కి మార్చారు, మొదటి లోడ్ టైం 5వ వంతుకి దిగిందని వాళ్లే రాసుకున్నారు. ఇంత జరిగాక కూడా ఎవరూ వినలేదు. 2013 మేలో రియాక్ట్ ఓపెన్ సోర్స్ అయ్యింది, సర్వర్లో హెచ్‌టీఎంఎల్ తయారుచేసే దారి దాన్లో మొదట్నుంచీ ఉంది, కానీ జనం అటు పోకుండా ఒక ఖాళీ డివ్ (హెచ్‌టీఎంఎల్లో డబ్బా లాంటి ట్యాగ్) పెట్టి మిగతాదంతా జావాస్క్రిప్ట్ బండిల్లో, అంటే ఒక పెద్ద ఫైల్లో కుక్కారు. క్రియేట్ రియాక్ట్ యాప్ ఇచ్చేది కూడా సరిగ్గా ఆ ఖాళీ డివ్వే. 2016లో రియాక్ట్ మీద కట్టిన నెక్స్ట్ జేఎస్ అనే ఫ్రేమ్‌వర్క్ వచ్చి పాత దారినే మళ్లీ చూపిస్తే అదేదో కొత్త కనిపెట్టుడు అన్నట్టు చూశారు.

ఇప్పుడు సర్వర్ నుంచి నిండు పేజీ వచ్చినా హైడ్రేషన్ (జావాస్క్రిప్ట్ వచ్చి ఆ పేజీకి ప్రాణం పోయడం) పూర్తయ్యేదాకా బటన్ నొక్కితే ఉలకదు పలకదు, చవక ఫోన్లో అయితే ఇంకాసేపు. ఆ పంచాయితీ వేరే నడుస్తోంది.