పసిగుడ్డుకు ఏం తెలుసు?

హనుమకొండలోనో పరకాలలోనో తొట్టెల ఫంక్షన్‌కు పోతే, నిద్రలో నవ్వే బిడ్డను చూసి ఎవరో ఒక పెద్దామె అంటుంది: "ఏమెరుగని పసిగుడ్డు. ముందు ముందు ఎన్ని చూడాల్నో!" ఆ మాటలో ప్రేమ ఉంది, దిగులూ ఉంది. కానీ బాధ అనేది పెద్దయ్యాకే మొదలవుతుందన్న నమ్మకం కూడా ఉంది. అదే సరికాదు.

తొట్టెలలో వేసే 21వ రోజున నిద్రలో కనిపించే నవ్వు మెదడు దానంతటదే పుట్టించేది. మన ముఖం చూసి నవ్వడం దాదాపు 6 నుంచి 8 వారాలకు వస్తుంది. మొదటి కొన్ని వారాలు ఎంత ఏడ్చినా కన్నీళ్లు కారవు. అంతమాత్రాన నొప్పి లేదని కాదు.

1980ల దాకా చాలామంది డాక్టర్లే ఇక్కడ పొరబడ్డారు. అప్పుడే పుట్టిన పిల్లల నరాలు పక్వానికి రాలేదని, మత్తుమందు వాళ్లకు ప్రమాదమని భావించి, కండరాలు కదలకుండా చేసే మందిచ్చి, మత్తు నామమాత్రంగా ఇచ్చి పెద్ద ఆపరేషన్లు కూడా చేశారు. కదలలేని బిడ్డ ఏడవలేదు. తలచుకుంటే కడుపు తరుక్కుపోతుంది. మన దేశంలో వైద్యం చదివి ఆక్స్‌ఫర్డ్ వెళ్లిన కన్వల్‌జీత్ ఆనంద్, నెలలు నిండకుండా పుట్టిన పిల్లలకు గుండె దగ్గర ఆపరేషన్ చేసేటప్పుడు ఫెంటానిల్ అనే నొప్పిమందు కూడా ఇచ్చి చూశారు. అది అందిన పిల్లల్లో ఒత్తిడి హార్మోన్లు తక్కువగా పెరిగాయి, ఆపరేషన్ తర్వాతి ఇబ్బందులూ తగ్గాయి. 1987లో ఆ ఫలితాలు అచ్చయ్యాక పద్ధతులు మారడం మొదలైంది.

"అయినా వాళ్లకేం గుర్తుంటుంది?" అంటారు. నిజమే, మూడేళ్లలోపు సంగతులు మనలో చాలామందికి గుర్తుండవు. కానీ శరీరం మరచిపోదు. పుట్టగానే మత్తు లేకుండా సున్తీ చేసిన మగపిల్లలు, 4 నుంచి 6 నెలల వయసులో టీకా వేసినప్పుడు సున్తీ చేయని మగపిల్లలకంటే ఎక్కువ ఏడ్చారని 1997లో కెనడా పరిశోధకులు చూపించారు.

పెద్దయ్యాక వచ్చే కష్టాలు మన చేతిలో లేవు. అంగన్‌వాడీలో 6, 10, 14 వారాలకు పడే సూది నొప్పి మాత్రం కొంత మన చేతిలోనే ఉంది. బిడ్డను బల్లమీద పడుకోబెట్టొద్దు, ఒళ్లోకి తీసుకోవాలి. సూదికి ముందే తల్లిపాలు పట్టడం మొదలుపెట్టి, సూది పడేటప్పుడూ ఆపకుండా ఇస్తే ఏడుపు తగ్గుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో ఇదే సూచించింది. ఒకే రోజు రెండు మూడు సూదులుంటే, ఎక్కువ నొప్పి పెట్టేదాన్ని చివర వేయమని టీకాలు వేసే ఏఎన్‌ఎం అక్కను అడగండి.